కాకుస్వరము: స్వాహిలీ భాషలో ప్రశ్నారీతులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాస పాఠము)



మనుష్యుడు మాటాడునపుడు రెండు పనులు చేయును. తగిన మాటలను ఎంచుకొని వరుసగా కూర్చుట మొదటిది. ఆ మాటలను ఒకానొక స్వరముతో పలుకుట రెండవది. మొదటి పని కాగితముమీదికి వచ్చును. రెండవది రాదు. కలము మాటను పట్టగలదు గాని, మాట పలికిన గొంతును పట్టజాలదు. ఇది స్వల్పమైన కొరతయే యని కొందరికి తోచవచ్చును. కాని "పొలము అమ్మితివి" అను మాటకును "పొలము అమ్మితివా?" అను మాటకును గల భేదమంతయు గొంతుమీదనే నిలిచియుండు భాషలు లోకమున గలవు. అట్టి భాషలో ఈ కొరత వలన ఒకని పొలము పోవచ్చును, ఒకని మాట తారుమారు కావచ్చును. ఆఫ్రికాఖండపు తూర్పుతీరమున పుట్టి పెరిగిన స్వాహిలీ అట్టి భాష. ఆ భాషలో ప్రశ్నలు ఎన్ని తెఱగులుగ నుండునో, ఏ ప్రశ్నకు గొంతు ఎట్లు నడుచునో తెలిసికొన్నచో, స్వరము వాక్యమునకు పైపూత గాదనియు, వ్యాకరణములో నదియొక యంగమనియు స్పష్టమగును.

ముందుగా ఆ భాషను గూర్చి కొంచెము. ఆఫ్రికాఖండము దక్షిణార్ధమున రమారమి 500 భాషలు ఒకే కుటుంబమునకు చెందినవి గలవు. వానికి బంటూ భాషలని పేరు. ఈ పేరు వాడుకలోనికి తెచ్చినవాడు విల్హెల్మ్ బ్లీక్ అను జర్మను పండితుడు, కాలము 1862. ఆ భాషలలో అనేకమునందు "ంటు" అనగా మనిషి, "బ" యనునది బహువచన సూచకము. కావున బంటూ అనగా "మనుష్యులు" అని యర్థము. తెలుగు ప్రత్యయములను మాట తోకకు తగిలించును. బంటూ భాషలు మాట తలకు తగిలించును. స్వాహిలీలో "సోమ" యనగా చదువుట. "నినసోమ" చదువుచున్నాను, "ఉనసోమ" చదువుచున్నావు, "అనసోమ" చదువుచున్నాడు. ఎవరు చదువుచున్నారో మాట మొదటనే తెలిసిపోవును.

స్వాహిలీ యను పేరు సముద్రతీరము అను నర్థముగల అరబ్బీ మాటనుండి పుట్టినది. అరబ్బీ వర్తకులు, భారత వర్తకులు శతాబ్దములుగా ఆ తీరమునకు ఓడలమీద పోవుచు వచ్చుచు నుండిరి. అందుచేత ఆ భాషలో మనకు పరిచితమైన మాటలు పెక్కు వినబడును. పుస్తకమునకు "కితాబు" అందురు. డబ్బునకు "పేస" అందురు. ఇది మన దేశపు పైసాయే. వార్తకు "హబారి" అందురు. మన తెలుగు "కబురు" ఏ అరబ్బీ మాటనుండి వచ్చినదో, యదియు దానినుండియే వచ్చినది. నేడు స్వాహిలీ టాంజానియా, కెన్యా దేశములందు ప్రధాన భాష. ఉగాండాలోను, కాంగో తూర్పుభాగమునను విరివిగ వ్యవహరింపబడుచున్నది. మాటాడువారు 20 కోట్లకు పైబడియున్నారని యునెస్కో సంస్థ చెప్పుచున్నది. 1954 జూలై 7వ తేదీన జూలియస్ న్యెరెరె నాయకత్వమున టాంగనికా దేశీయ పక్షము స్వాతంత్ర్యోద్యమమునకు స్వాహిలీని సాధనముగ స్వీకరించెను. ఆ దినమును పురస్కరించుకొనియే 2021లో యునెస్కో జూలై 7ను ప్రపంచ స్వాహిలీ భాషాదినముగ ప్రకటించినది.

ఇక ప్రస్తుతాంశము. తెలుగువానికి ప్రశ్న వేయుట మిక్కిలి సులభము. క్రియ చివర "ఆ" కారము చేర్చిన చాలును. "వచ్చెను" నిశ్చయము, "వచ్చెనా" ప్రశ్న. ఆ కారమును ఏ మాటకు చేర్చిన నా మాటమీదనే ప్రశ్న నిలుచును: "రాముడా వచ్చినది?", "నిన్ననా వచ్చినది?" పూర్వపు తాళపత్ర గ్రంథములలో ప్రశ్నార్థక చిహ్నము లేదు. అది యచ్చుయంత్రముతో పాటు వచ్చినది. అయినను తాళపత్రములు చదువువారు ఇది ప్రశ్నయా, నిశ్చయమా యని తడబడవలసిన పని లేకుండెను. "ఆ" కారమే దీపమువలె దారి చూపెను.

స్వాహిలీలో అట్టి "ఆ" కారము లేదు. "జూమ అమెకూజ" అనగా జూమ వచ్చియున్నాడు. జూమ యనునది పురుషుని పేరు. "జూమ వచ్చియున్నాడా?" అని యడుగవలెనన్నను "జూమ అమెకూజ" అనియే యనవలెను. మాటలు అవియే, వరుస యదియే, ఒక యక్షరమైనను మారదు. మారునది గొంతు మాత్రమే.

ఆ మార్పు ఎట్టిదో తెలియుటకు స్వాహిలీ ఉచ్చారణలోని యొక నియమము ఎఱుగవలెను. ఆ భాషలో ప్రతి మాటలోను చివరనుండి రెండవ యక్షరముమీద ఊనిక పడును. అరబ్బీనుండి వచ్చిన కొలది మాటలు తప్ప దీనికి భంగము లేదు. ఊనిక పడిన యక్షరము కొంచెము సాగి వినబడును గనుక నీ వ్యాసమున ఆ యక్షరము దీర్ఘముగ వ్రాయబడినది. "అమెకూజ" లో "కూ", "కితాబు" లో "తా" ఊనికగల యక్షరములు. పుస్తకములో అనుటకు "ని" చేర్చినచో మాట "కితబూని" యగును. ఊనిక "తా" ను విడిచి "బూ" మీదికి జరుగును. నీటిపైన తేలు బెండు వలె నీటిమట్టము మారినకొలది ఊనిక తన చోటు మార్చుకొనుచుండును గాని, చివరనుండి రెండవ స్థానమును మాత్రము విడువదు.

నిశ్చయవాక్యము పలుకునపుడు గొంతు మధ్యమస్థాయిలో బయలుదేరి మెల్లమెల్లగ దిగి, తుది మాటవద్ద మంద్రమున విశ్రమించును. బరువు దించినవాడు కూర్చున్నట్లుండును. ప్రశ్న వేయునపుడు అట్లు దిగనీయరు. గొంతును పైనే నిలిపి, తుది మాటలోని ఊనికగల యక్షరముమీద ఇంకను పైకెత్తి, చివరి యక్షరముమీద చటుక్కున దింపుదురు. "జూమ అమెకూజ" అను ప్రశ్నలో "కూ" తారమున మ్రోగును. "జ" అచటనుండి జారును. వినువాడు ఆ "కూ" కొఱకే చెవియొగ్గి యుండును. ఆ యొక్క యక్షరము ఎక్కిన నుత్తరము చెప్పవలెను. ఎక్కకున్న తల యూపి యూరకుండవచ్చును.

"ఉనసోమ కితాబు" అనగా పుస్తకము చదువుచున్నావు. గొంతు దిగినచో నది చూచిన సంగతిని చెప్పుట. "తా" మీద గొంతు ఎక్కినచో "పుస్తకము చదువుచున్నావా?" యని యడుగుట. ఇట్లు అవును-కాదులతో ఉత్తరము చెప్పదగిన ప్రశ్నకు స్వాహిలీలో ప్రధానలక్షణము స్వరమే. దీనిని మొదటి రీతి యనవచ్చును.

రెండవ రీతి వేరు. ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు అని యడుగు ప్రశ్నలలో ప్రశ్నపదమే యుండును. "నాని" ఎవరు, "నీని" ఏమి, "వాపి" ఎక్కడ, "లీని" ఎప్పుడు. "ఉనసోమ నీని" అనగా ఏమి చదువుచున్నావు. "ఉనక్వేండ వాపి" ఎక్కడికి పోవుచున్నావు. "ఉతరూది లీని" ఎప్పుడు తిరిగివత్తువు. ఇచట నొక విశేషము గలదు. ఉత్తరములో ఏ స్థానమున నా వస్తువు పేరు రావలెనో, ప్రశ్నపదము ఆ స్థానముననే కూర్చుండును. "ఉనసోమ కితాబు" లో "కితాబు" ఉన్న చోటనే "ఉనసోమ నీని" లో "నీని" ఉన్నది. ఇంగ్లీషువారు ప్రశ్నపదమును వాక్యము తలకు ఈడ్చుకొనిపోవుదురు. స్వాహిలీవారికి ఆ శ్రమ లేదు. తెలుగువారికిని లేదు. "పుస్తకము చదువుచున్నావు", "ఏమి చదువుచున్నావు" అనుటలో మనము చేయునదియు నదియే.

ఈ రెండవ రీతి ప్రశ్నలలో గొంతు సాధారణముగ నిశ్చయవాక్యమునందువలెనే క్రమముగ దిగును. మొదటి రీతిలోని యా ఎగుడు, దిగుడు ఇచట నక్కరలేదు. "నీని" యను మాట చెవిని పడగానే వినువానికి నిది ప్రశ్నయని తెలిసిపోయినది. ఇక గొంతు అదే పని మరల చేయుట దేనికి? పదము పని చేసినచోట స్వరమునకు విశ్రాంతి. పదము లేనిచోట స్వరమునకు పని. ఈ యొక్క సూత్రము తెలిసినచో స్వాహిలీ ప్రశ్నలన్నియు చేతికి దొరకినట్లే.

అయితే మొదటి రీతి ప్రశ్నకు పదసహాయము బొత్తిగ లేదని యనరాదు. "జే" యను నిపాతము గలదు. "జే, జూమ అమెకూజ" యని వాక్యము మొదట దానిని చేర్చినచో, "ఇదిగో, ప్రశ్న వచ్చుచున్నది" యని ముందుగ గంట కొట్టినట్లగును. సభలలోను, వార్తాపత్రికలలోను, వ్రాతలోను దీని వాడుక మెండు. ఇంటిలోను సంతలోను మాటాడుకొనువారు దీనిని తరచుగ విడిచిపెట్టి గొంతుతోనే పని గడుపుకొందురు. వ్రాతకు గొంతు లేదు గనుక "జే" యవసరమయ్యెను. మాటకు గొంతు కలదు గనుక "జే" యైచ్ఛికమయ్యెను. ఈ "జే" యే క్రియ తోకకు తగిలినచో "ఎట్లు" అను నర్థమిచ్చును. "ఉనఫన్యాజె" అనగా ఎట్లు చేయుచున్నావు.

మూడవ రీతి, చెప్పినదానిని రూఢి చేసికొను ప్రశ్న. తెలుగున "కదా" యందుము. స్వాహిలీలో "సీవ్యొ" యందురు. అట్లు కాదా యని దాని యర్థము. "జూమ అమెకూజ, సీవ్యొ?" జూమ వచ్చినాడు గదా. నాల్గవ రీతి, రెండింటిలో నొకటి కోరుకొమ్మను ప్రశ్న. "చాయి ఆఉ కహావ?" అనగా తేనీరా, కాఫీయా. "ఆఉ" అనగా లేక. ఈ రెండు రీతులందును ప్రశ్నభారమును కొంత పదము కూడ మోయుచున్నది.

ప్రశ్నలలో మిక్కిలి మధురమైనది కుశలప్రశ్న. ఇద్దరు స్వాహిలీవారు దారిలో కలిసికొన్నచో నొకడు "హుజాంబొ?" అనును. "జాంబొ" అనగా సంగతి, చిక్కు. "హు" అనగా నీకు లేదు. "నీకు ఏ చిక్కును లేదు గదా?" యని భావము. రెండవవాడు "సిజాంబొ" అనును. నాకు ఏ చిక్కును లేదు. పలువురను బలుకరించునపుడు "హంజాంబొ?" యందురు, వారు "హతుజాంబొ" యందురు. ప్రశ్నపదము లేదు, "జే" లేదు, సామాన్యముగ "అవును", "కాదు" అనువానికి చోటు లేదు. ఒక్క మాట పైకి లేచును, దానికి తోడుమాట క్రిందికి దిగును, మర్యాద జరిగిపోవును. మరికొందరు "హబారి గాని?" యందురు, ఏమి కబురు అని యర్థము. "న్జూరి" యని బదులు వచ్చును. మంచిదే యని యర్థము. మొదటి పలుకరింపు స్వరముమీద నడచు ప్రశ్న, రెండవది పదముమీద నడచు ప్రశ్న. ఆ భాష నేర్చుకొను పరదేశి మొదటి దినముననే రెండు రీతులును తెలియకుండగనే యభ్యసించుచున్నాడు.

ఇక కష్టమైన ప్రశ్న. అది వ్యతిరేకప్రశ్న. న్యాయస్థానములలోను, పెద్దమనుష్యుల తగవులలోను, అప్పుపత్రముల వద్దను దీనివలన చిక్కులు పుట్టుటకు వీలున్నది. ఒక సాక్షిని "హుకుఊజ షాంబ?" యని యడిగిరనుకొందము. "షాంబ" యనగా చేను. "చేను అమ్మలేదా?" యని ప్రశ్న. సాక్షి "న్దీయొ" యనెను. ఈ మాటను నిఘంటువులు "అవును" అని వ్రాయును. దాని శబ్దార్థము "అదియే" యని. కాని సాక్షి యభిప్రాయమేమి? "మీరన్నది నిజమే, అమ్మలేదు" అని. తెలుగువాడును అట్లే చెప్పును. "అమ్మలేదా?" యన్నచో "అవును, అమ్మలేదు" అనును. ఇంగ్లీషు పద్ధతి దీనికి విరుద్ధము. ఆ భాషలో వ్యతిరేకప్రశ్నకు "యెస్" అన్నచో సామాన్యముగ "అమ్మితిని" అని యర్థమగును. అదే "న్దీయొ" ను ఇంగ్లీషు పద్ధతికి అలవాటు పడిన లేఖకుడు "యెస్" అని యొక్కమాటలో వ్రాసికొన్నచో, అమ్మనివాడు అమ్మినవాడగును. సాక్షి యబద్ధము చెప్పలేదు, లేఖకుడు దురుద్దేశముతో వ్రాయలేదు, అయినను చేను చేతులు మారిపోవును.

టాంజానియాలోని ప్రాథమిక న్యాయస్థానములలో వ్యవహారము స్వాహిలీలోనే జరుగును. 2021లో చట్టసవరణ చేసి తక్కిన న్యాయస్థానములకును స్వాహిలీనే భాషగ నిర్ణయించిరి. ప్రజల నోటిమాట ప్రజల భాషలోనే నమోదగుట శుభము. అయితే నోటిమాట కాగితమునకెక్కునపుడు గొంతు జారిపోవునను కష్టము ఏ భాషకును తప్పదు. "ఉమెఊజ షాంబ" యని దస్త్రములో నున్నది. అమ్మితివని నిందించిరా? అమ్మితివా యని యడిగిరా? ప్రశ్నార్థక చిహ్నము వ్రాసిననే తెలియును. ఆ కొక్కెము వంటి చిన్నగీత విలువ స్వాహిలీలో నొక యెకరము నేల విలువకు తక్కువ గాదు. కావుననే అనుభవజ్ఞుడైన లేఖకుడు "అవును" అను నొక్కమాటతో తృప్తిపడడు. "న్దీయొ, సికుఊజ" యని, "అవును, నేను అమ్మలేదు" అని పూర్తివాక్యము చెప్పించి వ్రాసికొనును.

ఇట్టి సందేహము నేటి చేతిఫోనులలోను గలదు. కెన్యాలో 2007లో సఫారీకామ్ సంస్థ ఎం-పెసా యను పద్ధతిని స్థాపించెను. ఫోనుద్వారా డబ్బు పంపుకొనుట దాని పని. నగరమున కూలి చేయు కొడుకు పల్లెలోని తల్లికి క్షణములో పైకము చేర్చగలుగుచున్నాడు. ఆ తల్లి కొడుకునకు "ఉమెతూమ పేస" యని సందేశము వ్రాసినదనుకొందము. "డబ్బు పంపితివి" అని యందిన మాట చెప్పినదా? "డబ్బు పంపితివా?" యని యందని బాధ తెలిపినదా? గొంతు వినబడినచో "పే" యక్షరముమీదనే తేలిపోవును. వ్రాతలో చిహ్నము మరచినచో కొడుకు నిశ్చింతగ నిద్రపోవును. తల్లి యాకలితో నెదురుచూచును.

ఈ భాషా రహస్యమును పండితులు ఉపేక్షింపలేదు. ఆష్టన్ అను ఆంగ్లేయ పండితురాలు 1944లో ప్రకటించిన స్వాహిలీ వ్యాకరణమునకు పేరులోనే "స్వరసహితము" అను నర్థము వచ్చునట్లు చేర్చెను. వ్యాకరణము పుస్తకపు పేరులో స్వరమునకు చోటిచ్చుట యరుదు. స్వరము నేర్పనిదే స్వాహిలీ నేర్పినట్లు కాదని దీనివలన గ్రహింపవచ్చును.

మన పూర్వులును ఈ విషయమున వెనుకబడలేదు. సంస్కృత ఆలంకారికులు దీనిని "కాకువు" అనిరి. మాటలు మారకుండ గొంతు మార్పుచేతనే అర్థము మారుట కాకువు. నాట్యశాస్త్రమున భరతముని కాకువును సాకాంక్షము, నిరాకాంక్షము అని రెండు విధములుగ విభజించెను. ఇంకను చెప్పవలసినది కలదను నపేక్షతో కూడినది సాకాంక్షము. చెప్పవలసినది ముగిసినది నిరాకాంక్షము. స్వాహిలీ నిశ్చయవాక్యము దిగి విశ్రమించుటయు, ప్రశ్నవాక్యము ఉత్తరమున కెదురుచూచుచు పైన నిలుచుటయు చూచినచో, ఆ విభాగము గుర్తుకు రాక మానదు. రుద్రటుడు వక్రోక్తిని శ్లేషవక్రోక్తి, కాకువక్రోక్తి యని రెండుగ చెప్పెను. పాణిని మహర్షి అష్టాధ్యాయి యెనిమిదవ యధ్యాయము రెండవ పాదమున ప్రశ్నవాక్యముల యందలి ప్లుతమునకు, అనగా మూడు మాత్రల కాలము సాగు అచ్చునకు, స్వరము నిర్ణయించెను. ప్రశ్నకు గొంతు వేరుగ నుండునను సంగతి వ్యాకరణసూత్రమున కెక్కినదన్నమాట.

స్వరము తప్పినచో నేమగునో తెలుపు వృత్రాసురుని కథ అందరెఱిగినదే. త్వష్ట యింద్రుని చంపగల పుత్రుని కోరి హోమము చేసెను. మంత్రములోని "ఇంద్రశత్రు" శబ్దమున ఉదాత్తము ఒక యక్షరమున నుండవలసినది మరియొక యక్షరమున పడెను. ఇంద్రుని చంపువాడు అను నర్థము పోయి, ఇంద్రునిచే చంపబడువాడు అను నర్థము వచ్చెను. వృత్రుడు పుట్టెను, ఇంద్రునిచేతనే చచ్చెను. అక్షరము తప్పలేదు, స్వరము మాత్రమే తప్పినది. స్వాహిలీ చేని వ్యవహారమునందును జరుగునది యదియే.

బంటూ భాషలన్నియు స్వాహిలీవలె నుండునని తలపరాదు. ఆ కుటుంబములోని భాషలలో అత్యధికము స్వరభేదముచేత మాటయర్థమునే మార్చును. స్వాహిలీ యా లక్షణమును పోగొట్టుకొనినది. మలావి దేశపు చిచేవా భాషలో "మ్తెంగొ" యను మాట ఒక స్వరముతో పలికిన చెట్టు, మరియొక స్వరముతో పలికిన ధర. అట్టి భాషలో ప్రశ్న వేయువాని కష్టము రెట్టింపు. మాటల సొంత స్వరములు చెడరాదు. చెడినచో చెట్టు ధరయై కూర్చుండును. అయినను ప్రశ్న యని తెలియవలెను. అందుచే వారు మాటల స్వరములను భద్రముగ నుంచి, వాక్యము కొసయందు ప్రశ్నస్వరమును అదనముగ చేర్చుదురు. "కోడి" యను నిపాతము కూడ వాక్యము మొదట చేర్చుట గలదు. ఆ మాట మన కోడి గాదు; స్వాహిలీ "జే" కు చుట్టము.

దక్షిణాఫ్రికాలోని ఖోసా భాషవారు మరియొక దారి పట్టిరి. నిశ్చయవాక్యమున తుదిమాటలో చివరనుండి రెండవ యక్షరమును బాగుగ సాగదీయుట వారి అలవాటు. ప్రశ్నలో నా సాగతీత తగ్గించి, వాక్యమునంతటిని హెచ్చుస్థాయిలో పలుకుదురు. మెట్లమీద నొక్కమెట్టు ఎక్కుటకు మారుగ, ఇంటినంతటిని ఎత్తైన అరుగుమీదికి చేర్చినట్లుండును. దక్షిణ సోతో భాషలోను ప్రశ్నయందు ఆ సాగతీత యుండదు. స్వాహిలీవారు అక్షరమును ఎత్తుదురు. ఖోసావారు వాక్యమును ఎత్తి యక్షరమును కుదింతురు. ఒకే కుటుంబమున పుట్టిన అన్నదమ్ములు వేర్వేరు వృత్తులు చేసికొని బ్రతుకుచున్నట్లున్నది.

ప్రశ్న యన్నచో లోకమంతట గొంతు ఎక్కవలసినదే యని కొందరనుకొందురు. అదియు నిజము గాదు. అన్నీ రియలాన్ అను ఫ్రెంచి పండితురాలు ఆఫ్రికా భాషలలోని ప్రశ్నస్వరములను పోల్చి చూచి 2007లో నొక వ్యాసము ప్రకటించెను. పశ్చిమాఫ్రికాలోని పెక్కు భాషలలో అవును-కాదు ప్రశ్న చివర గొంతు దిగుననియు, అచ్చు సాగుననియు, ఊపిరి కలిసి మెత్తబడుననియు ఆమె చూపెను. మనకు నిశ్చయముగ తోచు స్వరము వారికి ప్రశ్న. కావున పరభాషవాని గొంతును మన చెవితో కొలిచి "వీడు గద్దించుచున్నాడు", "వీడు నిర్లక్ష్యముగ పలుకుచున్నాడు" అని తీర్పు చెప్పుట న్యాయము గాదు. అతడు కేవలము ప్రశ్న వేయుచుండవచ్చును.

ఇంకొక రీతి మిగిలినది. ఉత్తరము కోరని ప్రశ్న. మాట ప్రశ్న, భావము నిశ్చయము. దీనియందు కాకువు సంపూర్ణముగ రాణించును. టాంజానియా రాష్ట్రపతియై యుండిన న్యెరెరె షేక్‌స్పియరు మహాకవి జూలియస్ సీజరు నాటకమును స్వాహిలీలోనికి అనువదించి 1963లో ప్రకటించెను. వెనిసు వర్తకుడు నాటకమునకు ఆయన చేసిన అనువాదము 1969లో వెలువడెను. ప్రజలాయనను "మ్వలీము" అని పిలిచిరి. గురువుగారు అని యర్థము. సీజరు నాటకమున ఆంటొనీ శవము నెదుట నిలిచి ప్రజలను ప్రశ్నించును. ఆ ప్రశ్నలకు ఉత్తరము ఆతడు కోరడు. ప్రజల మనస్సులు మారవలెనని కోరును. పుస్తకములో నున్నది మాట మాత్రమే. ఏ ప్రశ్న నిజమైన ప్రశ్న, ఏ ప్రశ్న ముసుగు వేసికొన్న నింద యను భేదమును నటుడు తన గొంతుతో పూరింపవలెను. అనువాదకుడు ఎంత సమర్థుడైనను ఆ పని చదువువానికే విడువక తప్పదు.

గ్రంథాలయమునకును దీనికిని సంబంధ మిచటనే యున్నది. స్వాహిలీలో నేటికి నిలిచిన ప్రాచీన కావ్యపు వ్రాతప్రతులలో నొకటి "ఉతెండి వ తంబూక". దాని కాలము 1728. అది యరబ్బీ లిపిలో వ్రాయబడినది. ఆ కాలపు టరబ్బీ లిపిలో ప్రశ్నార్థక చిహ్నము లేదు. స్వాహిలీలో "ఆ" కారమును లేదు. అట్టి కావ్యము తరతరములు నిలుచుట కేవలము కాగితముచేతనే కాదు. ఎలుగెత్తి చదువువారును, చెవియొగ్గి వినువారును ఉండుటచేత. గ్రంథము సగము వాక్యమును దాచును. తక్కిన సగము చదువువాని గొంతులో నుండును.

మన పల్లెలలో సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీద నొకరు పత్రిక చదువుట, చదువు రానివారు చుట్టు కూర్చుండి వినుట చిరకాలపు టలవాటు. ఆ చదువరి కేవలము అక్షరములను వల్లించినచో చాలదు. ప్రశ్నను ప్రశ్నగను, పరిహాసమును పరిహాసముగను, సందేహమును సందేహముగను పలికిననే వినువానికి న్యాయము చేసినవాడగును. ప్రభుత్వము "ఆలోచించుచున్నది" అని వ్రాసినదానిని "చేసినది" యను ధ్వనితో చదివినచో, వినినవాడు మరునాడు కచేరి గుమ్మమెక్కి యుత్తచేతులతో తిరిగివచ్చును. తెలుగున "ఆ" కారము కొంత కాపాడును గాని, "బాగున్నది" యను నొక్కమాటను మెచ్చుకోలుగను, వెక్కిరింతగను, ప్రశ్నగను పలుకుట మన తెలుగువారికిని తెలిసినదే.

వ్రాయువానికి రెండు కర్తవ్యములు గలవు. ఒకరి మాటను నమోదు చేయునపుడు ఉత్తరముతోపాటు ప్రశ్నను కూడ వ్రాయవలెను. "అవును" అను నొక్కపదమును ఆధారముగ గైకొనక పూర్తివాక్యము చెప్పించి, వ్రాసినదానిని చెప్పినవానికి చదివి వినిపింపవలెను. వినువానికి నొక కర్తవ్యము గలదు. సందేహము తోచినచో సిగ్గుపడక మరల నడుగవలెను. ఆఫ్రికా తీరపు బెస్తవాడైనను, గోదావరి గట్టున నున్న రైతైనను, తన మాట తాననినట్లే నమోదు కావలెనని కోరుట న్యాయమైన కోరిక.

పుస్తకములను చేర్చి భద్రపరచుట గ్రంథాలయమునకు మొదటి ధర్మము. వానిని వాని గొంతుతో చదివించుట రెండవ ధర్మము. ఇరువదియైదేండ్లు మొదటి ధర్మమును నిర్వహించిన ఈ సరస్వతీ నిలయము, పిల్లలచేత ఎలుగెత్తి చదివించుచు, పెద్దలకు వినిపించుచు, రెండవ ధర్మమునందును వర్ధిల్లుగాక.

స్వస్తి.